కింది బాణం నొక్కితే కర్సర్ ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న: తెలుగులో రాసేవారి కోసం మేము కొందరం కలిసి ఒక చిన్న ఉచిత టెక్స్ట్ ఎడిటర్‌ను నిర్వహిస్తున్నాము. పొడవాటి పేరా తెర అంచున మడతపడి నాలుగైదు వరుసలుగా కనిపిస్తున్నప్పుడు, కింది బాణం నొక్కితే మా ఎడిటర్‌లో కర్సర్ ఆ వరుసలన్నిటినీ దాటేసి తరువాతి పేరాలోకి దూకుతుంది. అలా కాకుండా కంటికి కనిపించే తరువాతి వరుసకే దిగేలా మార్చాలని మా బృందంలోని ఒక అమ్మాయి ప్రతిపాదించింది. ఈమాక్స్ అనే పాత టెక్స్ట్ ఎడిటర్‌లో ఇదే మార్పు చేసినప్పుడు పాత వాడుకరులు గగ్గోలు పెట్టారనీ, ఉన్నదాన్ని కదపవద్దనీ మాలో పెద్దాయన ఒకరు పట్టుబడుతున్నారు. ఇంత చిన్న విషయానికి అక్కడ అంత వాదన ఎందుకు జరిగింది? మమ్మల్ని ఏం చేయమంటారు?
— ఒక ప్రోగ్రామర్, హైదరాబాద్

జవాబు: మీ పెద్దాయన చెప్పిన సంగతి నిజమే, కాని దాని నుంచి ఆయన తీసిన నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ముందు జరిగినదేమిటో చూద్దాము.

ఫైలులో ఒక పంక్తి అంటే ఎంటర్ నొక్కిన చోటు నుంచి మళ్లీ ఎంటర్ నొక్కిన చోటు వరకు ఉన్న పాఠం. తెర వెడల్పు చాలక అదే పంక్తి రెండు మూడు వరుసలుగా కనిపించినా ఫైలు లెక్కలో అది ఒక్కటే. ఈమాక్స్‌లో కర్సర్‌ను దించడానికి కంట్రోల్-ఎన్, ఎక్కించడానికి కంట్రోల్-పి కమాండ్లు ఉన్నాయి, బాణం మీటలూ అదే పని చేస్తాయి. దశాబ్దాలుగా ఇవన్నీ ఫైలులోని పంక్తినే లెక్కలోకి తీసుకునేవి. ఈమాక్స్‌ను తయారుచేసిన రిచర్డ్ స్టాల్‌మన్ 2008లో దాని నిర్వహణ బాధ్యతను స్టెఫాన్ మోనియే, చోంగ్ యిడోంగ్‌లకు అప్పగించిన తరువాత వచ్చిన తొలి పెద్ద విడుదల ఈమాక్స్ 23. 2009 జులైలో వెలువడిన ఆ విడుదలలో ఈ కమాండ్లు తెర మీది వరుసను అనుసరించడం మొదలుపెట్టాయి. లైన్-మూవ్-విజువల్ అనే సెట్టింగును నిల్ (అంటే ఆఫ్) చేసుకుంటే పాత పద్ధతి తిరిగి వస్తుంది, కాని కొత్తదే డిఫాల్ట్ అయింది.

మార్పు కోరినవారి వాదన సూటిగా ఉంటుంది. వర్డ్ ప్రాసెసర్‌లోనైనా, బ్రౌజర్‌లో ఉత్తరం రాసే పెట్టెలోనైనా కింది బాణం కింది వరుసకే దిగుతుంది. కొత్తగా ఈమాక్స్ తెరిచిన మనిషి బాణం నొక్కగానే కర్సర్ ఐదు వరుసలు దాటిపోతే, ఆ మనిషి దాన్ని లోపమనే అనుకుంటాడు. పైగా, ఎనభై అక్షరాల లోపు పంక్తులతో ప్రోగ్రాములు రాసుకునేవారికి పంక్తి మడతపడే అవసరమే రాదు కాబట్టి, వారికి తేడా కనిపించనే కనిపించదు. ఈ వాదనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కాని, కర్సర్ కదలిక కమాండును మనిషి ఒక్కడే వాడడు, మాక్రో (మీటల నొక్కుళ్లను రికార్డు చేసుకుని మళ్లీ మళ్లీ నడిపేది) కూడా వాడుతుంది. పాత వాడుకరుల అభ్యంతరంలో అసలు బరువున్న భాగం ఇదే. ఒక ఫైలులోని ప్రతి పంక్తి మొదట్లో హ్యాష్ గుర్తు చేర్చాలనుకోండి. కంట్రోల్-ఏ నొక్కి పంక్తి మొదటికి వెళ్లి, గుర్తు టైపు చేసి, కంట్రోల్-ఎన్‌తో కిందికి దిగడం వరకు మాక్రోగా రికార్డు చేసి, దానిని వందసార్లు నడపమంటాము. పంక్తులన్నీ పొట్టివైతే పని సజావుగా జరిగిపోతుంది. మధ్యలో ఒక పొడవాటి పంక్తి వచ్చి రెండు వరుసలుగా మడతపడిందంటే కథ మారిపోతుంది. కంట్రోల్-ఎన్ కర్సర్‌ను అదే పంక్తి తాలూకు రెండవ వరుసకు దించుతుంది. తరువాతి విడతలో కంట్రోల్-ఏ ఫైలులోని పంక్తి మొదటికి, అంటే ఇంతకుముందు గుర్తు పెట్టిన చోటికే, వెనక్కి తీసుకుపోతుంది. అక్కడ ఇంకో హ్యాష్ పడుతుంది, కర్సర్ మళ్లీ రెండవ వరుసకు దిగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. మాక్రో ఆ పంక్తిని దాటి బయటికి రాదు. మిగిలిన విడతల గుర్తులన్నీ ఒక్క పంక్తి నెత్తి మీదే పోగుపడతాయి, తరువాతి పంక్తులు ఖాళీగా మిగిలిపోతాయి, ఒక్క హెచ్చరిక కూడా రాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. విండో వెడల్పుగా ఉన్నప్పుడు అదే ఫైలు మీద సరిగా నడిచిన మాక్రో, విండోను నిలువుగా రెండు భాగాలు చేసుకున్నాక దారి తప్పుతుంది, ఎందుకంటే ఇప్పుడు పంక్తులు మడతపడే చోట్లు మారాయి. పాఠంలో ఒక్క అక్షరం కూడా మారకుండా, కేవలం తెర కొలత మారినందుకు ఫలితం మారిపోవడం పాఠం దిద్దే పరికరానికి పెద్ద దోషమే. ఈమాక్స్ తన సహాయ పాఠంలోనే, ప్రోగ్రాములు రాసేవారు నెక్స్ట్-లైన్‌కు (కంట్రోల్-ఎన్ నడిపే కమాండు ఇదే) బదులు ఫార్వర్డ్-లైన్ వాడడం మేలని సలహా ఇస్తుంది. ఆ సలహా ఈమాక్స్ ప్రోగ్రామింగ్ భాష అయిన లిస్ప్‌లో రాసేవారికి చేరుతుంది. మీటలు నొక్కి మాక్రో రికార్డు చేసుకునే మామూలు వాడుకరికి తాను కూడా ప్రోగ్రామే రాస్తున్నానన్న స్పృహ ఉండదు కదా!

ఇక్కడ నా అభిప్రాయం చెబుతాను. ఈమాక్స్‌లో జరిగిన పొరపాటు కర్సర్‌ను తెర వరుస వెంట దించడం కాదు, దించే కమాండును ఒంటరిగా మార్చడం. కంట్రోల్-ఎన్ తెరను చూస్తుంది, కంట్రోల్-ఏ, పంక్తి చివరికి పోయే కంట్రోల్-ఈ ఫైలును చూస్తాయి, పంక్తి చివరి దాకా తుడిచే కంట్రోల్-కె కూడా ఫైలునే చూస్తుంది. పై ఉదాహరణలో మాక్రో చిక్కుకుపోయింది ఈ రెండు లెక్కల మధ్యనే. విచిత్రం ఏమిటంటే, అదే విడుదలలో విజువల్-లైన్-మోడ్ అనే పద్ధతి కూడా వచ్చింది. దానిని ఆన్ చేస్తే దిగడం, పంక్తి మొదటికి పోవడం, చివరికి పోవడం, చివరి దాకా తుడవడం అన్నీ కలిసికట్టుగా తెర వరుసకు మారతాయి, మడత కూడా పదాల మధ్యనే పడుతుంది. పూర్తి మార్పును కోరుకున్నవారికి మాత్రమే ఇచ్చి, సగం మార్పును అందరికీ డిఫాల్ట్ చేశారు. నేనైతే దీన్ని తలకిందులుగా చేసి ఉండేవాడిని.

డిఫాల్ట్‌ను మార్చడమే తప్పు అనే వాదనకు మాత్రం నేను లొంగను. ఒకప్పుడు ఈమాక్స్‌లో ఫైలు చివర నిలబడి కంట్రోల్-ఎన్ నొక్కుతూ పోతే అది కొత్త ఖాళీ పంక్తులను చేర్చుతూ పోయేది. కర్సర్‌ను కదిపితే ఫైలే మారిపోవడమన్నమాట! 2001లో వచ్చిన ఈమాక్స్ 21లో ఆ అలవాటును డిఫాల్ట్‌గా ఆపేశారు. దానికీ అలవాటుపడినవారు ఉండే ఉంటారు, అయినా ఈ రోజు ఆ ప్రవర్తనను తిరిగి తెమ్మని అడిగేవారిని నేను చూడలేదు.

మీ ఎడిటర్ సంగతికి వస్తే, మీ వాడుకరులు పేరాలు రాస్తారు, మీరే చెప్పినట్టు పేరా అంతా ఒకే పంక్తి. అలాంటివారికి కింది బాణం కింది వరుసకే దిగాలి. మీ సహచరి ప్రతిపాదన న్యాయమైనది. తెలుగు విషయంలో అదనపు కారణం కూడా ఉంది. మన అక్షరాల వెడల్పులు సమానంగా ఉండవు. అక్షరాలను లెక్కపెట్టి కిందికి దించే పద్ధతిలో కర్సర్ ఉన్న చోటికి నేరుగా కింద కాకుండా పక్కకు జారుతుంది, తెర మీది స్థానాన్ని కొలిచి దించే పద్ధతిలో నిటారుగా దిగుతుంది. అయితే మార్చేటప్పుడు హోమ్, ఎండ్ మీటలనూ, పంక్తి చివరి దాకా తుడిచే కమాండునూ అదే విడుదలలో, అదే లెక్కకు మార్చండి. ఫైలులోని పంక్తిని అనుసరించే పాత కమాండ్లను తీసివేయకుండా, వేరే పేరుతో, వేరే మీటలకు కట్టి ఉంచండి. ఈమాక్స్‌లోనూ నెక్స్ట్-లాజికల్-లైన్, ప్రీవియస్-లాజికల్-లైన్ అనే కమాండ్లు ఇందుకే ఉన్నాయి, కాని వాటికి మీటలు కేటాయించకపోవడంతో అవి ఉన్నాయని తెలిసినవారే తక్కువ.

మాక్రో నడుస్తున్నప్పుడు మాత్రం గుట్టుగా పాత పద్ధతికి మారిపోతే సరిపోతుందని మీలో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రికార్డు చేసేటప్పుడు కంటి ముందు ఒకటి జరిగి, నడిపేటప్పుడు మరొకటి జరగడం అన్నిటికన్నా ప్రమాదకరం.

ప్రశ్న: నేను విమ్ అనే ఎడిటర్ వాడతాను. అందులో జె నొక్కితే ఫైలులోని తరువాతి పంక్తికి, జి-జె నొక్కితే తెర మీది తరువాతి వరుసకు కర్సర్ దిగుతుంది. రెండూ ఉన్నప్పుడు ఎవరికీ ఇబ్బంది లేదు. మిగిలినవారు ఇలా ఎందుకు చేయరు? పనిలో పనిగా, జె, జి-జెలను ఒకదానితో ఒకటి మార్చుకోవడం మంచిదేనా?
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: విమ్‌కు ఆ సౌకర్యం దాని వ్యాకరణం వల్ల వచ్చింది. అక్కడ కదలిక కమాండు తుడిచే కమాండుకు తోకగా కూడా పనిచేస్తుంది. డి-జె అంటే ఉన్న పంక్తినీ దాని కింది పంక్తినీ నిండుగా తుడిచేస్తుంది. డి-జి-జె అంటే కర్సర్ ఉన్న చోటు నుంచి కింది వరుసలో అదే స్థానం వరకు మాత్రమే తుడుస్తుంది. ఈ రెంటికీ ఒకే మీట ఇవ్వడం సాధ్యం కాదు కాబట్టి, వేరు చేయక తప్పలేదు. విమ్‌కు మూలమైన పాత ఎడిటర్ వై (vi)ని 1970లలో బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన కాలం నుంచీ జె అర్థం చెక్కుచెదరలేదు.

పూర్తిగా మార్చుకోవడం మాత్రం వద్దు. పంక్తుల పక్కన దూరాన్ని చూపే అంకెలు పెట్టుకుని పన్నెండు-జె అని నొక్కే అలవాటు మీకు ఉంటే, ఆ అంకెలు ఫైలు పంక్తులకు సంబంధించినవి, తెర వరుసలకు కాదు. అందుకే అనుభవజ్ఞులు మధ్యే మార్గం పాటిస్తారు: ముందు అంకె ఉంటే జె పాత జె లాగానే పనిచేస్తుంది, అంకె లేకుండా నొక్కితే జి-జె లాగా పనిచేస్తుంది. సాధారణ మోడ్‌కు (మీటలు అక్షరాలుగా కాక కమాండ్లుగా పనిచేసే స్థితికి) మాత్రమే ఈ మార్పిడి పెట్టుకోండి. డి తరువాత వచ్చే జెను ముట్టుకోకండి, లేకపోతే పంక్తులు తుడవబోయి ముక్కలు తుడుస్తారు.

ఇంకొక మాట. వై వంశంలో అన్నీ ఇంత పొందికగా ఉన్నాయని అనుకోకండి. పెద్ద డి (D) కర్సర్ నుంచి పంక్తి చివరి దాకా తుడుస్తుంది, పెద్ద సి (C) చివరి దాకా మారుస్తుంది, కాని పెద్ద వై (Y) మాత్రం పంక్తి మొత్తాన్ని కాపీ చేస్తుంది. ఇది చివరి దాకా మాత్రమే కాపీ చేయడమే తర్కబద్ధమని విమ్ సహాయ పాఠమే ఒప్పుకుంటుంది, అయినా పాత వై ఎడిటర్‌తో పొత్తు కోసం అలాగే వదిలేసింది. విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ ఎడిటర్ వారు 2021 చివర్లో వచ్చిన 0.6 విడుదలలో దానిని మార్చేశారు. పొందిక కోసం చేసిన మార్పు కాబట్టి నేను దానిని సమర్థిస్తాను. అయితే రెండు ఎడిటర్లనూ మార్చి మార్చి వాడేవారి వేళ్లకు కొంతకాలం శిక్షే.

ప్రశ్న: కుడి బాణం నొక్కినప్పుడు ‘స్త్రీ’ అనే అక్షరాన్ని కర్సర్ ఒక్క నొక్కుతో దాటాలా, లేక లోపలి భాగాల దగ్గర ఆగుతూ వెళ్లాలా? ఒక్కొక్క సాఫ్ట్‌వేర్ ఒక్కొక్క రకంగా చేస్తోంది. పత్రికలో ప్రూఫులు దిద్దే నాకు ఇది రోజూ తలనొప్పి.
— ఒక ప్రూఫ్ రీడర్, విజయవాడ

జవాబు: ఒక్క నొక్కుతో దాటాలి. ఈ విషయంలో నాకు సందేహం లేదు, కాని దాని వెనుక ఉన్న చిక్కు తెలుసుకోదగినది.

కంప్యూటరులో స్త్రీ ఒకటి కాదు, ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఆరింటి మధ్యా ఆగే ఎడిటర్‌లో కుడి బాణం ఆరుసార్లు నొక్కాలి, ఆ ఆగే చోట్లలో చాలా వాటికి తెర మీద చూపించడానికి చోటే ఉండదు, ఎందుకంటే వత్తులు పక్కన కాకుండా కిందా ముందూ చేరతాయి. వాడుకరి అనుభవించే విడదీయరాని ముక్కను ఎక్కడ తెంచాలో యూనికోడ్ (లిపులన్నిటికీ కంప్యూటర్ సంకేతాలిచ్చే ప్రమాణం) కొన్ని నియమాలు ఇస్తుంది. అయితే 2023కు ముందు ఆ నియమాలు కూడా స్త్రీని స్, త్, రీ అని మూడు ముక్కలుగా చూసేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకూడదన్న నియమం చేరింది. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లలో కొన్ని దానికి ముందువి, కొన్ని తరువాతవి, కొన్ని ఏ నియమాన్నీ పట్టించుకోకుండా రాసినవి. ఒక్కొక్కటి ఒక్కొక్క చోట ఆగడానికి కారణాలలో ఇది ముఖ్యమైనది.

మొదటి జవాబులో కమాండ్లన్నీ కలిసికట్టుగా ఒకే లెక్కను అనుసరించాలని అన్నాను. ఇక్కడ మాత్రం ఒక మినహాయింపు అవసరం. బాణం మొత్తం అక్షరాన్ని దాటాలి, కర్సర్ ముందున్నదాన్ని తుడిచే డిలీట్ మీట మొత్తం అక్షరాన్నీ తుడవాలి, కాని వెనక్కి తుడిచే బ్యాక్‌స్పేస్ చివర టైపు చేసిన ఒక్క భాగాన్నే తుడవాలి. స్త్రీ అని కొట్టబోయి చివర గుడిదీర్ఘానికి బదులు గుడి కొట్టారనుకోండి. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఆ గుడి పోయి స్త్ర మిగలాలి, దాని మీద గుడిదీర్ఘం కొడితే పని అయిపోతుంది. అలా కాక మొత్తం అక్షరం మాయమైతే, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికలో ఐదు నొక్కుల శ్రమ వృథా అయి, మళ్లీ మొదటి నుంచి కొట్టవలసి వస్తుంది. బాణానికీ బ్యాక్‌స్పేస్‌కూ హద్దులు వేరుగా ఉండవచ్చునని యూనికోడ్ పత్రం కూడా అంగీకరిస్తుంది. ఈమాక్స్ 2023లో వచ్చిన 29వ విడుదల నుంచి సరిగ్గా ఈ విభజననే పాటిస్తోంది: డిలీట్ మీట కలిసిన అక్షరాన్ని మొత్తంగా తుడుస్తుంది, బ్యాక్‌స్పేస్ ఒక్కొక్క భాగాన్ని తుడుస్తుంది. దీనిని అసంగతం అనేవారు ఉన్నారు. నాకు అది అసంగతంగా తోచదు, ఎందుకంటే ముందుకు తుడిచేవాడు చదువుతూ దిద్దుతున్నాడు, వెనక్కి తుడిచేవాడు రాస్తూ దిద్దుకుంటున్నాడు.

మీ వృత్తిలో ఎదురయ్యే మరో విచిత్రం చెబుతాను. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట్, వ కలిసిపోయి వత్తుగా మారకుండా ఉండేందుకు మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తును పెడతారు. భాగాల వారీగా కదిలే ఎడిటర్‌లో అక్కడికి రాగానే బాణం నొక్కినా కర్సర్ కదిలినట్టు కనిపించదు. మీట పనిచేయలేదని అనుకుని ఇంకోసారి నొక్కకుండా అక్కడే బ్యాక్‌స్పేస్ కొడితే ఆ గుర్తు పోయి, మాట ‘సాఫ్ట్వేర్’గా మారిపోతుంది. అచ్చులో ఇలాంటి మాట కనిపించినప్పుడు రచయితను తప్పుపట్టే ముందు కర్సర్‌ను కూడా అనుమానించండి.

ప్రశ్న: పదం వారీగా కదిలే కమాండ్ పదం చివర ఆగాలా, తరువాతి పదం మొదట ఆగాలా? మా ఆఫీసులో ఇద్దరం చెరొక మాట అంటున్నాము.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: విండోస్‌లో కంట్రోల్-కుడి బాణం తరువాతి పదం మొదట ఆగుతుంది. మాక్‌లో ఆప్షన్-కుడి బాణం, ఈమాక్స్‌లో మెటా-ఎఫ్ (మెటా అంటే సాధారణంగా ఆల్ట్ మీట) పదం చివర ఆగుతాయి. వై ఎడిటర్‌లో డబ్ల్యూ (w) మీట మొదటికి, ఈ (e) మీట చివరికి తీసుకువెళతాయి కాబట్టి అక్కడ తగవే లేదు. పదం వెంట ప్రత్యయం చేర్చే పని ఎక్కువగా ఉన్న తెలుగులో చివర ఆగడమే నాకు అనుకూలం, కాని దీనికోసం ఉన్న అలవాటును మార్చమని ఎవరికీ చెప్పను.

మార్చి తీరాలనుకుంటే ముందుగా పదాన్ని తుడిచే కమాండును పరీక్షించండి. తరువాతి పదం మొదటి దాకా వెళ్లే కదలికతో తుడిస్తే మధ్యనున్న ఖాళీ కూడా పోతుంది. తుడిచి ఊరుకునేటప్పుడు అది మంచిదే, కాని ఆ చోట కొత్త మాట టైపు చేస్తే అది పక్క మాటకు అతుక్కుపోతుంది. వైలో డి-డబ్ల్యూ ఖాళీతో సహా తుడుస్తుంది, పదాన్ని తుడిచి కొత్తది టైపు చేయనిచ్చే సి-డబ్ల్యూ మాత్రం నియమాన్ని పక్కనపెట్టి పదం చివరే ఆగిపోతుంది. డబ్ల్యూ అర్థాన్ని మార్చకుండా, సి-డబ్ల్యూకు మాత్రమే ప్రత్యేక నియమం రాసి పబ్బం గడుపుకున్నారు. మీ ఆఫీసు ఎడిటర్‌లో కూడా అలాంటి ప్రత్యేక నియమం ఒకటి రాయవలసి వస్తుంది, దానికి సిద్ధపడే మార్చండి.